పాప్-అప్ క్యాంపర్ మొరాయిస్తే: లక్షణం నుంచి మరమ్మతు దాకా

పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో ఒదిగి ఉండి, ఆగిన చోట పైకప్పు ఎత్తితే చిన్న గదిగా మారేది పాప్-అప్ క్యాంపర్. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో మట్టిదారుల వెంట తిరిగేవారికి ఇంతకంటే పొదుపైన ఇల్లు లేదని నా గట్టి నమ్మకం. యూటా, నెవాడా, కాలిఫోర్నియాల్లో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ సంస్థ భూముల్లో చాలాచోట్ల 14 రోజుల వరకు రుసుము లేకుండా బస చేయవచ్చు. అయితే అలాంటి చోట మెకానిక్ దొరకడు. పాతది తక్కువ ధరకు కొన్నవారు దాని జబ్బులను తామే పట్టుకోవాలి. ఏది చెడినా ముందు రెండింటిని అనుమానించండి: బరువు, నీరు. కొత్త సామాను కొనడం ఆ తరువాతి మాట.

పొద్దున లేచేసరికి లోపలంతా తడి

అందరినీ ఎక్కువగా కంగారు పెట్టేది ఇదే. ఇక్కడ తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ నీరు బయటినుంచి వచ్చిందా, లోపలే పుట్టిందా?

రాత్రి వాన లేదు, అయినా కిటికీలు, అల్యూమినియం పట్టీలు, గుడ్డ గోడలు అన్నీ ఒకే తీరున చెమర్చాయి అంటే అది లోపలి ఆవిరే. నిద్రపోయేవారి శ్వాసలోని తేమ చల్లని గోడకు తగిలి నీటి బొట్లుగా మారుతుంది. దానికి వంట తోడవుతుంది. ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అంటే గిన్నెలో అన్నం ఉడుకుతున్నప్పుడు వచ్చే ఆవిరే కాదు, కింద మంట కూడా గదిలోకి నీరు వదులుతోంది. క్యాంపర్‌కు అమర్చిన ఫర్నేసు తన పొగను, ఆవిరిని గొట్టం ద్వారా బయటికి పంపుతుంది కాబట్టి దానితో ఈ బాధ లేదు. లోపల పెట్టుకునే విడి గ్యాసు హీటరుతోనే చిక్కు.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. పైకప్పు గవాక్షాన్ని రెండు వేళ్ల మందం, దానికి ఎదురుగా కిందున్న ఒక కిటికీని కొద్దిగా తెరిచి పడుకోండి. చలి వేస్తుందని అన్నీ బిగించుకుంటే తెల్లారేసరికి రగ్గు తడిసి ఇంకా చలి వేస్తుంది. వంట చేసేటప్పుడు గవాక్షం పూర్తిగా తెరవాలి. మనవాళ్లకు ప్రెషర్ కుక్కర్ ఇక్కడ నిజంగా కలిసొస్తుంది. 3,000 మీటర్ల ఎత్తులో నీరు దాదాపు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతకీ ఉడకదు. కుక్కర్లో పెడితే గ్యాసూ ఆవిరీ రెండూ తగ్గుతాయి. పరుపు కింది వైపు తడుస్తుంటే, దానికీ పలకకూ మధ్య గాలి ఆడేలా సన్నని చెక్క పట్టీల చట్రం గానీ ప్లాస్టిక్ జాలీ గానీ వేయండి.

తడి ఒకే మూల కనిపించినా, వాన తరువాతే వచ్చినా, గోధుమరంగు మరక కట్టినా అది కారడమే. పాత పెంకుటింట్లో పగిలిన పెంకు ఒకచోట ఉంటే చుక్క ఇంకోచోట పడినట్టు, ఇక్కడా నీరు చట్రం వెంబడి పాకి దూరంగా తేలుతుంది. కనుక మరక ఉన్నచోట కాకుండా దానికి పైనున్న గవాక్షపు అంచు, మూలల పట్టీలు, సోలార్ ప్యానెల్ బిగించిన స్క్రూలు వెతకండి. ఎండ ఉన్న రోజు ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. ఇంకొకరు బయటినుంచి గొట్టంతో, కిందినుంచి పైకి, ఒక్కో భాగం మీద కొన్ని నిమిషాలు నీరు పట్టాలి. పైనుంచి మొదలుపెడితే ఏ సందు కారుతోందో తెలియదు.

చోటు దొరికాక పాత జిగురును పూర్తిగా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అంచు కింద బ్యూటైల్ టేపు (నీరు చొరకుండా అడ్డుకునే జిగురు పట్టీ) వేసి స్క్రూలు బిగించండి. వాటి మీద క్యాంపర్ పైకప్పుల కోసం అమ్మే, తనంతట తాను పరుచుకునే సీలెంట్ పోయాలి. బాత్‌రూములకు వాడే సిలికోన్ మాత్రం వద్దు. ఒకసారి అది అంటిన చోట తరువాత ఏ సీలెంటూ సరిగా పట్టదు. పాత క్యాంపర్ కొనడానికి వెళ్లినప్పుడు కూడా మూలల్లో, గవాక్షం చుట్టూ చెక్కను స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. మొన దిగబడితే చట్రం కుళ్లింది. ఇక అది ఎంత చవకగా వచ్చినా చవక కాదు.

తడిగా మడిచి ఇంటికి తెచ్చిన గోడల గుడ్డను ఆ రోజే మళ్లీ ఎత్తి ఆరబెట్టండి. మూసిపెడితే బూజు పడుతుంది, ఆ మచ్చలు సులభంగా పోవు.

పైకప్పు లేవనంటోంది

ముందు పైన ఏముందో చూడండి: మంచు, పెట్టె, తరువాత బిగించిన ప్యానెళ్లు. ఏమీ లేకపోతే, చలి రోజున గ్యాసు స్ట్రట్లలో (కప్పు ఎత్తడానికి సాయపడే, గ్యాసు నింపిన ఊతకడ్డీల్లో) ఒత్తిడి తగ్గి అవి నీరసించడం మామూలే. ఎండెక్కాక కూడా లేవకపోతే స్ట్రట్లు అరిగినట్టు, జతగా మార్చండి. ఇక తలుపు, గవాక్షం అన్నీ మూసి ఎత్తితే లోపలికి గాలి రాక కప్పు బరువెక్కుతుంది. దించేటప్పుడు అలాగే మూసి ఉంచితే గుడ్డ బయటికి ఉబ్బి, కప్పు కింద నలిగి చిరుగుతుంది. ఒకటి తెరిచి ఉంచి, నెమ్మదిగా దించుతూ గుడ్డను లోపలికి సర్దండి.

తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ

బ్యాటరీని నిందించే ముందు మల్టీమీటరు తీయండి. అన్నీ ఆపి కొన్ని గంటలు ఊరుకున్నాక లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగం. అంతకంటే కిందికి తరచూ దించితే దాని ఆయువు తరిగిపోతుంది. నిండుగా పడుకుని ఖాళీగా లేస్తుంటే, రాత్రంతా తిరిగే ఫర్నేసు ఫ్యానును, ఫ్రిజ్‌ను అనుమానించండి. ఎల్‌ఈడీ దీపాల వాడకం చాలా స్వల్పం.

రోజంతా బండి నడిపినా నిండకపోతే లోపం చార్జింగులో ఉంది. ఇంజిను నడుస్తుండగా ట్రక్కు బ్యాటరీ దగ్గర, క్యాంపర్ బ్యాటరీ దగ్గర విడివిడిగా కొలవండి. ట్రక్కు దగ్గర 14 వోల్టులు దాటి, క్యాంపర్ దగ్గర 13 లోపే ఉంటే సన్నని తీగలోనో, తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్‌లోనో వోల్టేజీ పోతోంది. లావు తీగ వేసి, కనెక్షన్ శుభ్రం చేస్తే సరి. కొత్త ట్రక్కుల్లో కంప్యూటరే ఆల్టర్నేటరు వోల్టేజీని తగ్గిస్తుంటుంది. అప్పుడు రెండు బ్యాటరీల మధ్య, తగ్గిన వోల్టేజీని చార్జింగుకు సరిపడా పెంచే డీసీ-డీసీ చార్జరు తప్పదు.

రెండో బ్యాటరీ పెట్టేద్దాం అనే ఆలోచన అందరికీ వస్తుంది. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు 30 కిలోలు. అదే సామర్థ్యపు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అందులో సుమారు సగమే తూగుతుంది కానీ దాన్ని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జి చేస్తే పాడవుతుంది. మంచు ప్రాంతాలకు వెళ్లేవారు దాన్ని లోపలే, వెచ్చని చోట పెట్టుకోవాలి.

ట్రక్కు వెనుక కుంగింది, మలుపుల్లో ఊగుతోంది

డ్రైవరు తలుపు చట్రం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించరాదని కిలోల్లోనూ పౌండ్లలోనూ రాసి ఉంటుంది. ఆ అంకె ముందు ఏ అమ్మకందారు మాటా చెల్లదు. అది 500 కిలోలు అనుకోండి. క్యాంపర్ ఖాళీ బరువు 400, ఇద్దరు మనుషులు 140, 20 గ్యాలన్ల నీరు 76. అప్పుడే 616 అయింది. బట్టలు, బియ్యం, గ్యాసు సిలిండరు ఇంకా ఎక్కలేదు. ట్రక్ స్టాపుల్లోని తూకపు కాటా మీద, ప్రయాణానికి సిద్ధమైన బండిని ఇరుసుల వారీగా తూయించండి.

స్ప్రింగుల దగ్గర గాలి సంచులు పెడితే వెనుక భాగం పైకి లేస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడవు. కానీ ఆ స్టిక్కరు మీది అంకె పెరగదు. బ్రేకులు, ఇరుసు అవే. అసలు మందు సామాను దించడమే. నీరు దొరికే దారిలో ట్యాంకు సగమే నింపండి. అప్పటికీ మించితే ఆ క్యాంపర్ ఆ ట్రక్కుకు తగదు. ఈ విషయంలో సర్దుకుపొమ్మని నేను చెప్పలేను.

అలల్లాంటి మట్టిదారి తరువాత క్యాంపర్ కదిలింది

కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో యుబెహెబే క్రేటర్ నుంచి రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సు వరకు 27 మైళ్ల దారి ఎముకలు కదిలేలా వణికిస్తుంది. పదునైన రాళ్లు టైర్లనూ కోస్తాయి. అలాంటి దారుల్లో క్యాంపర్‌ను తొట్టికి పట్టి ఉంచే టర్న్‌బకిల్స్ (తిప్పి బిగించే మరల కొక్కేలు) వాటంతట అవే వదులవుతాయి. మట్టిదారి ఎక్కిన కొన్ని మైళ్లకే ఆగి చేత్తో తిప్పి చూడండి, లాక్‌నట్లు బిగించండి. అతిగా బిగిస్తే కొక్కేలు తొట్టి రేకును చీలుస్తాయి. క్యాంపర్ కింద రబ్బరు చాప లేకపోతే వేయండి. టైర్లలో గాలి కొంత తగ్గిస్తే కుదుపు బాగా తగ్గుతుంది, తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపే పంపు వెంట ఉండాలి.

గ్యాసు ఫ్రిజ్ చల్లబడటం లేదు

బండి వాలుగా నిలిపి ఉంటే ఫ్రిజ్‌ను చల్లబరిచే లోపలి అమ్మోనియా సరిగా ప్రవహించదు. చక్రాల కింద చెక్కలు పెట్టి సమం చేయండి. ఎత్తైన కొండల మీద పలుచని గాలికి మంట ఆరిపోతుంటే, కిందికి దిగేదాకా దాన్ని ఆపడమే మేలు. పొయ్యి మంట పసుపు రంగులోకి మారితే గాలి చాలడం లేదని అర్థం, వెంటనే గవాక్షం తెరవండి. గ్యాసు వాసన వస్తే సిలిండరు కట్టేసి, బయటికి వచ్చి, తరువాత సబ్బు నీటితో అతుకులు పరీక్షించండి. ప్రొపేన్ గాలికంటే బరువైనది కనుక దాని అలారం నేలకు దగ్గరగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరే ఉండాలి. రెండింటి వెనుకా గడువు తేదీ రాసి ఉంటుంది. పాత క్యాంపర్లలో అది చాలాసార్లు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

పంపు తిరుగుతోంది, నీరు రావడం లేదు

ట్యాంకులో నీరు ఉండీ రాకపోతే పంపుకు ముందున్న జల్లెడ మూత వదులై గాలి పీలుస్తుండవచ్చు. కుళాయిలన్నీ కట్టి ఉన్నా రాత్రిళ్లు పంపు కాసేపు మోగి ఆగుతుంటే, పంపు తరువాత ఎక్కడో చుక్క కారుతోంది. చలికాలం తరువాతే ఈ జబ్బు మొదలైతే గడ్డకట్టిన నీరు గొట్టాన్నో పంపునో పగలగొట్టి ఉంటుంది. మంచు పడేముందు ట్యాంకు, గొట్టాలు ఖాళీ చేసి, గులాబీ రంగులో దొరికే ప్రొపిలిన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ ఎక్కించండి. కారు రేడియేటర్లలో సాధారణంగా పోసే ఇథిలిన్ గ్లైకాల్ విషం, అది తాగునీటి గొట్టాల్లోకి పోకూడదు. వసంతంలో ట్యాంకు రెండు మూడుసార్లు మంచినీటితో నింపి, ప్రతి కుళాయి నుంచీ గులాబీ రంగు, నురగ పూర్తిగా పోయేదాకా వదలండి.