ముసురు పట్టకముందే హెడ్‌లైట్ బల్బు మారుస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అక్టోబర్ వచ్చిందంటే నెల్లూరు, ఒంగోలు వైపు వాన ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం. కావలి, సింగరాయకొండ మధ్య హైవే మీద రాత్రిపూట ముసురులో నడిపినవాళ్లకి లైటు చాలట్లేదనిపించడం మామూలే. చాలామంది వెంటనే 100/90 వాట్ల (హైబీమ్‌కి 100, డిమ్‌కి 90) బల్బు తెచ్చి తగిలించేస్తారు. నా మాట వింటే అది వద్దు.

మన కార్లలో ఎక్కువగా కనిపించే హెచ్4 రకం హాలోజన్ బల్బు 60/55 వాట్లది. వైరు, స్విచ్చు, హోల్డర్ అన్నీ ఆ లెక్కకే పెడతారు. 12 వోల్టుల మీద 60 వాట్లకి 5 ఆంపియర్లు పడితే, 100 వాట్లకి 8 దాటుతుంది. పాత హోల్డర్ కరగడం అక్కడే మొదలవుతుంది. 'రిలే (బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి కరెంటు పంపే చిన్న స్విచ్చు పెట్టె) వేస్తే ఏం కాదు' అంటారు షాపులో. రిలే కాపాడేది వైరును, స్విచ్చును. బల్బు వేడికి రిఫ్లెక్టర్ పూత మాడిపోతే అదేం చేస్తుంది?

అసలు లైటు ఎందుకు తగ్గిందో ముందు చూడండి. లైటు మీది ప్లాస్టిక్ పచ్చబడిందా? ఎర్త్ వైరు తుప్పు పట్టిందా? సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఇది తొందరగా వస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లైటు వేసి, బ్యాటరీ దగ్గర ఒకసారి, హోల్డర్ దగ్గర ఒకసారి వోల్టేజి కొలవండి. ఒక వోల్టు పైన తేడా ఉంటే తప్పు బల్బుది కాదు. అప్పుడు ఫ్యూజుతో కూడిన రిలే కిట్ వేయించి, కంపెనీ వాట్ల బల్బే పెట్టినా వెలుతురు బాగా పెరుగుతుంది.

మీరే మార్చుకునేటట్టయితే లైటు ఆపి, బాగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కనెక్టర్‌ని వైర్లు పట్టుకుని లాగొద్దు. కొన్న బల్బు మీద 12 వోల్టులని ఉందా చూడండి, లారీలవి 24. హాలోజన్ గాజుని వేలితో ముట్టుకుంటే చేతి జిడ్డు అంటి, అక్కడ వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడిచి, ఆరాకే పెట్టండి. వెనక రబ్బరు కప్పు అంచులన్నీ సరిగ్గా కూర్చోవాలి, లేకుంటే మొదటి వానకే లోపల నీటి ఆవిరి కమ్ముతుంది.

ఎల్‌ఈడీ బల్బుకి వెనక ఫ్యాన్ ఉంటుంది. అది పట్టడానికని ఆ రబ్బరు కప్పుని కోసేస్తారు, అస్సలు చేయొద్దు. పైగా హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

చివరగా, చీకటి పడ్డాక గోడకి 5 మీటర్ల దూరంలో చదునైన చోట కారు ఆపండి. హెడ్‌లైట్ మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద గీత గీయండి. డిమ్ వెలుగు పై అంచు ఆ గీతకి సుమారు 5 సెంటీమీటర్లు కిందుండాలి, ఎడమ వైపు కొంచెం పైకి లేచినా పర్లేదు. కారు పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. డిమ్‌లో వెళ్తున్నా ఎదుటి లారీలు మీకు డిప్పర్ కొడుతుంటే, మళ్లీ ఆ గోడ దగ్గరికి వెళ్లి సరిచేసుకోవాల్సిందే.