చేతికి హాయిగా ఉండే అకౌస్టిక్ గిటార్‌ని ఎంచుకోవడం ఎలా

ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించేది) దగ్గర నేను మూడు నెలలు ఆగిపోయాను. చూపుడు వేలు ఆరు తీగల మీదా పరిచి ఎంత నొక్కినా రెండు తీగలు పలికేవి కావు. వేలి మీద ఎర్రటి గీతలు పడేవి. ఇక నా వల్ల కాదని మానేయబోతుంటే, గిటార్లు బాగుచేసే ఒకాయన మొదటి ఫ్రెట్‌కి (గిటార్ మెడ, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) కాపో, అంటే తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు, బిగించి నా గిటార్ నాకే ఇచ్చారు. "అదే షేప్ ఒక ఫ్రెట్ పైకి జరిపి పట్టు" అన్నారు. ఆరు తీగలూ మోగాయి. ఆయన తీగలు వదులు చేసి, సన్నటి ఆకురాయితో నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడుల్లో నాలుగుసార్లు రాయడం, తీగ ఎక్కించి చూడడం, మళ్లీ రాయడం... నట్ కింద తెల్లటి పొడి రాలింది. అరగంట తర్వాత కాపో లేకుండానే ఎఫ్ పలికింది.

అందుకే ఏ గిటార్ చూసినా నేను మొదట చేసేది కాపో పరీక్షే. అంతకన్నా ముందు ట్యూనర్ పెట్టి శ్రుతి సరిచూసుకోండి. శ్రుతి తగ్గించి ఉంటే ఏ గిటారైనా మెత్తగానే అనిపిస్తుంది. ఇప్పుడు కాపో లేకుండా ఎఫ్ పట్టండి, తర్వాత కాపో పెట్టి పట్టండి. తేడా చాలా ఎక్కువగా ఉంటే నట్ గాడులు ఎత్తుగా ఉన్నట్టు. కాపో లేకపోతే ఒక్కో తీగనీ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. పల్చటి కాగితమంత సందు ఉంటే చాలు. విజిటింగ్ కార్డు దూరిపోతుంటే ఎక్కువే. ఇది పెద్ద లోపం కాదు, తేలిగ్గా సరిచేయించుకోవచ్చు.

కాపో పెట్టినా పై ఫ్రెట్లలో గట్టిగానే ఉంటే యాక్షన్, అంటే తీగల ఎత్తు, కొలవాలి. పన్నెండో ఫ్రెట్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి, ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు చూడండి. లావు ఇ తీగకి 2.4 మిల్లీమీటర్లు, సన్న ఇ తీగకి 1.8 ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. లావు తీగ దగ్గర మూడు దాటితే వేళ్లకి కష్టమే.

ఎత్తు ఎక్కువని తేలితే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే చెక్క) మీది శాడిల్, అంటే తీగలు ఆనే సన్నటి పట్టీ, చూడండి. పాత గిటార్ కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు. శాడిల్ బ్రిడ్జ్ మీద మూడు మిల్లీమీటర్ల దాకా కనిపిస్తుంటే దాని అడుగు అరగదీసి తీగలు దించవచ్చు. ఒక మిల్లీమీటరు అరగదీస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర సుమారు అర మిల్లీమీటరు దిగుతుంది. శాడిల్ ఇప్పటికే అరిగిపోయి, తీగలు ఇంకా ఎత్తుగానే ఉంటే మాత్రం నెక్ కోణమే మారిపోయి ఉండవచ్చు. దాన్ని సరిచేయాలంటే నెక్ ఊడదీసి మళ్లీ బిగించాలి. ధ్వని ఎంత బాగున్నా అలాంటిది నేను కొనను.

నెక్ వంపు సంగతి వేరు. ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) తిప్పేది నెక్ వంపు సరిచేయడానికే, తీగలు దించడానికి కాదు. ఆరో తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, పద్నాలుగో ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కితే ఏడో ఫ్రెట్ మీద సన్నటి సందు కనిపించాలి. అసలు లేకపోయినా, బాగా ఎక్కువున్నా సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయించడం) అవసరం.

తీగలు మరీ దించినా ప్రమాదమే. ఒక్కో తీగనీ అన్ని ఫ్రెట్ల మీదా మామూలు జోరుతో మీటుతూ వెళ్లండి. ఎక్కడైనా జుయ్యిమంటుందేమో వినండి. తర్వాత నెక్ అంచుల మీద వేలు పైనుంచి కిందికి జారనివ్వండి. ఫ్రెట్ల కొసలు గీసుకుంటుంటే చెక్క ఆరిపోయి కుంచించుకుపోయిందని అనుమానించాలి.

కొలతల్లో నాకు అన్నిటికన్నా తేడా తెలిసింది స్కేల్ లెంగ్త్‌లో, అంటే నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడవులో. 648 మిల్లీమీటర్లకి బదులు 632 ఉన్న గిటార్ మీద అవే తీగలు అదే శ్రుతిలో కాస్త మెత్తగా వంగుతాయి. నట్ వెడల్పు 43 మిల్లీమీటర్లు ఉంటే బార్ కార్డ్‌లు (ఎఫ్ లాగా ఒకే వేలు తీగల మీద పరిచి పట్టేవి) సులువు, 44.5 ఉంటే వేళ్లతో మీటేవాళ్లకి చోటు దొరుకుతుంది. డ్రెడ్‌నాట్ లాంటి పెద్ద బాడీ పట్టుకుంటే కుడి భుజం పైకి లేచిపోతుందేమో పదిహేను నిమిషాలు కూర్చుని చూసుకోండి. రెండు నిమిషాల్లో ఆ నొప్పి తెలియదు.

చివరగా తీగలు. చాలా గిటార్లకి 12-53 సెట్ (సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసి వస్తుంది. నేను 11-52కి మారాను, శబ్దం కొంచెం తగ్గింది కానీ వేళ్లకి టెన్షన్ పోయింది. వేళ్లు ఇంకా గట్టిపడని వాళ్లు 10-47తో మొదలుపెట్టినా తప్పులేదు. సన్న తీగలు వేశాక నెక్ మీద లాగుడు తగ్గి కొత్తగా బజ్, అంటే ఆ జుయ్యిమనే చప్పుడు, రావచ్చు. అప్పుడు ఆ తీగలు ఉంచే సెటప్ చేయించండి, తీసేసి కాదు.