ఇంజిన్ వణుకు, మిణుకుమనే దీపం: కాయిల్ దగ్గర దొరికిన లోపం

సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, నా పెట్రోలు కారు స్టీరింగ్ వణికేది. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ గుర్తు మిణుకుమిణుకుమనేది. అలా మిణుకుమంటే బండి నడపకూడదు. మండని పెట్రోలు ఎగ్జాస్టులోకి పోయి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అది చాలా ఖరీదైన భాగం.

స్టీరింగ్ కింద, లోపాల కోడ్‌లు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే పి0302 అనే కోడ్ వచ్చింది: రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అక్కడ పెట్రోలు సరిగా మండడం లేదు. లోపం నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుదా, దానికి అధిక వోల్టేజీ ఇచ్చే కాయిల్‌దా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌దా అన్నది కోడ్ చెప్పదు. అందుకే ఏదీ కొనకుండా, ఇంజిన్ చల్లారాక రెండో కాయిల్‌ను మూడో సిలిండర్‌కు, అక్కడిది ఇక్కడికి మార్చాను. కోడ్ చెరిపి స్టార్ట్ చేస్తే ఈసారి పి0303, అంటే మూడో సిలిండర్! లోపం కాయిల్ వెంటే వెళ్లింది. విప్పి చూస్తే దాని రబ్బరు తొడుగు మీద సన్నని గీత, నిప్పురవ్వ పక్కదారి పట్టిన జాడ. కొత్త కాయిల్ వేయగానే వణుకు పోయింది.