యుద్ధపటం చదవడం – 4వ పాఠం: బాణం పక్కన తేదీ

పోయిన పాఠంలో దారంతో దూరం కొలవడం నేర్చుకున్నాం. ఆ దారం, ఒక పెన్సిల్ తెచ్చుకోండి. ఈసారి పటం రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నాటి కాకసస్ (నల్ల సముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ మధ్య ఉన్న ప్రాంతం).

జర్మనీకి చమురు కరువు. సోవియట్ చమురేమో మైకోప్, గ్రోజ్నీ, అన్నిటికన్నా ఎక్కువగా బాకులో ఉంది. దాన్ని పట్టుకోవాలనే జూన్ 28న దాడి మొదలుపెట్టారు. పటంలో చూస్తే రోస్తోవ్ నుంచి దక్షిణానికి ఒక లావుపాటి బాణం, బాకు రేపో మాపో పడిపోతుందన్నట్టు ఉంటుంది. బాణంలో వేగం కనిపించదు. అందుకే ఏ ఊరికి జర్మన్లు ఎప్పుడు చేరారో ఆ తేదీలు ఊళ్ల పక్కన మనమే వేసుకోవాలి.

రోస్తోవ్: జులై 24. మోజ్డోక్: ఆగస్టు 25. ఒర్జోనికిద్జె (ఇప్పటి వ్లాదికావ్కాజ్) శివార్లు: నవంబరు మొదటి వారం.

ఇప్పుడు దారం పెట్టండి. రోస్తోవ్ నుంచి మోజ్డోక్ సూటిగా సుమారు 550 కిలోమీటర్లు, 32 రోజులు. అంటే రోజుకు 17. అక్కణ్నుంచి ఒర్జోనికిద్జె సుమారు 75 కిలోమీటర్లే, పట్టింది 70 రోజులు. రోజుకు ఒక్క కిలోమీటరు! నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు తప్పు చేశాననుకుని మళ్లీ కొలిచాను.

వేగం ఎక్కడ పడిపోయిందో తెలిశాక బాణం మొన వదిలేసి తోక వైపు చూడాలి. జులై 23న హిట్లర్ సేనను రెండుగా చీల్చి, వోల్గా నది మీది స్టాలిన్‌గ్రాడ్ నగరం, కాకసస్ రెండూ ఒకేసారి కావాలన్నాడు. ఉన్న పెట్రోలు, లారీలు, విమానాలు రెండు వైపులా పంచాల్సి వచ్చింది. పెట్రోలు మోసే లారీ పోవడానికీ, రావడానికీ పెట్రోలు తాగుతుంది. దారి పెరిగేకొద్దీ ముందున్న ట్యాంకులకు మిగిలేది తగ్గుతుంది. అలాగని పెట్రోలు ఒక్కటే కారణమని రాసుకోకండి. మోజ్డోక్ పక్కన పారే తెరెక్ నది దగ్గర ఎర్ర సైన్యం (సోవియట్ సైన్యం) ప్రాణాలొడ్డి అడ్డుకుంది. గ్రోజ్నీకి జర్మన్లు చేరనే లేదు.

మైకోప్ దగ్గర ఇంకో జాగ్రత్త. ఆగస్టు 9న ఊరు చిక్కింది కాబట్టి పటాల్లో దానికి గెలిచిన రంగు వేస్తారు. కానీ వెనక్కి తగ్గే ముందే సోవియట్ వాళ్లు బావులు పూడ్చేసి, యంత్రాలు పాడుచేశారు. చమురు దాదాపు దొరకలేదు. ఊరికి సున్నా చుట్టి, బావులకు అడ్డగీత కొట్టండి.

అభ్యాసం: మోజ్డోక్ నుంచి బాకు దాకా దారం పెట్టి, ఆ కొలత దగ్గర ముడి వేయండి. మోజ్డోక్ మీద వేలు తీయకుండా దారాన్ని రోస్తోవ్ వైపు తిప్పండి. ముడి ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకోండి. 1943 జనవరిలో వాళ్లు వెనక్కి మళ్లిన దారిని వచ్చే పాఠంలో ఇదే పటం మీద గీద్దాం.