తమంతట తామే అల్లుకునే పెప్టైడ్లు, 5వ పాఠం: జెల్ విరిగిపోకుండా

ఈసారి నానోట్యూబుల్లో వెండి పోతపోయడం మొదలుపెట్టాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. గత పాఠంలో చెప్పినట్టు ఎఫ్‌మాక్-డైఫినైలలనిన్ (రెండు ఫినైలలనిన్ అమైనో ఆమ్లాల గొలుసుకు ఒక చివర ఎఫ్‌మాక్ అనే రసాయన గుంపు తగిలించిన చిన్న పెప్టైడ్) క్షార ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి జెల్ చేసినవాళ్లలో ఎక్కువమందికి జెల్ కుదరలేదు, తెల్లటి ముద్దలూ వాటి చుట్టూ నీళ్లూ మిగిలాయి. ముందు అది సరిచేసుకుందాం.

ద్రావణం విరగడానికి కారణం ఆమ్లం ఎక్కువవడం కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడిన చోట పీహెచ్ ఒక్కసారిగా కిందికి పోతుంది, సీసాలో మిగతా ద్రావణం ఇంకా 10 దగ్గరే ఉంటుంది. ఆ చుక్క చుట్టూ ఉన్న అణువులు తమ రుణావేశాన్ని అన్నీ ఒకేసారి కోల్పోయి, వరుసలో అమరే వ్యవధి లేక గుంపుగా ముద్ద కట్టేస్తాయి. చుక్కచుక్కగా వేసినా, ఆమ్లాన్ని పదింతలు పలచన చేసినా ఇదే జరుగుతుంది, కాకపోతే ముద్దలు చిన్నవవుతాయి. గట్టిగా కలిపితే అప్పటికే ఏర్పడిన పోగులు తెగుతాయి.

అందుకే ఆమ్లాన్ని బయటినుంచి పోయడం మానేసి, ద్రావణం లోపలే పుట్టేలా చేయాలి. దీనికి గ్లూకోనో డెల్టా లాక్టోన్ వాడతాం. ల్యాబుల్లో అందరూ జీడీఎల్ అంటారు. ఇది నీళ్లలో ఇట్టే కరుగుతుంది. కానీ దాని వలయం తెరుచుకుని గ్లూకోనిక్ ఆమ్లంగా మారడానికి గంటలు పడుతుంది. కరగడానికీ మారడానికీ మధ్య ఉన్న ఈ తేడాయే మనకు పనికొచ్చేది. ఆమ్లం పుట్టేలోపే జీడీఎల్ సీసా అంతటా సమంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి, పీహెచ్ అన్ని చోట్లా ఒకేలా దిగుతుంది.

చేసే పద్ధతి ఇది. 50 మి.గ్రా. ఎఫ్‌మాక్-డైఫినైలలనిన్‌ని 8.5 మి.లీ. డీఅయనైజ్డ్ నీళ్లలో వేయండి. అణుభారం 534.6 కాబట్టి ఇది 93.5 మైక్రోమోల్స్. దానికి సమానంగా 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 0.94 మి.లీ. పోసి, వోర్టెక్స్ చేసి (సీసాను గిరగిరా కుదిపే యంత్రం మీద పెట్టి), సోనికేటర్ బాత్‌లో (ధ్వని తరంగాలతో కదిలించే నీళ్ల తొట్టిలో) పది పదిహేను నిమిషాలు ఉంచండి. బాత్ వేడెక్కితే నీళ్లు మార్చండి. ఇంకా మసకగా ఉంటే కంగారు పడకండి. ఈ అణువులు పీహెచ్ 10 దగ్గరే ఒకదాన్నొకటి పట్టుకోవడం మొదలుపెడతాయి. 10.5 వచ్చేదాకా అదే హైడ్రాక్సైడ్‌ని 20 మైక్రోలీటర్ల చొప్పున కలుపుతూ పోండి. మొత్తం ఎంత పోశారో రాసుకోండి, ఆ అంకె కాసేపట్లో కావాలి. చివరికి నీళ్లతో 10 మి.లీ.కి సరిచేయండి. ఈ ద్రావణాన్ని అదే రోజు వాడేయాలి. క్షారంలో ఎక్కువసేపు ఉంటే ఎఫ్‌మాక్ గుంపు ఊడిపోయే ప్రమాదం ఉంది, పైగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ని మెల్లగా దించుతుంది.

నీళ్ల బదులు ఫాస్ఫేట్ బఫర్ వాడినవాళ్లూ ఉన్నారు. వద్దు. పుట్టిన ఆమ్లాన్ని ఫాస్ఫేట్ మింగేస్తుంది, అందులోని ఉప్పు అణువుల మధ్య వికర్షణను తగ్గించి వాటిని ముందే గుంపు కట్టిస్తుంది.

ఇక జీడీఎల్‌ని ముందుగా నీళ్లలో కరిగించి స్టాక్ పెట్టుకునే అలవాటు గురించి. ఇది ఎన్నిసార్లు చెప్పినా పోవడం లేదు, అందుకే విడమర్చి చెబుతున్నాను. జీడీఎల్‌కి నీళ్లు తగిలిన క్షణం నుంచే గడియారం నడుస్తుంది. 1 శాతం జీడీఎల్ ద్రావణం కలిపిన వెంటనే పీహెచ్ సుమారు 3.5 చూపిస్తుంది, రెండు గంటల్లో 2.5కి దిగుతుంది. అంటే పొద్దున కలిపి మధ్యాహ్నం పోసే స్టాక్‌లో ఉన్నది చాలావరకు గ్లూకోనిక్ ఆమ్లమే. దాన్ని పోయడానికీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయడానికీ పెద్ద తేడా లేదు, మళ్లీ ముద్దలే. ఫ్రిజ్‌లో పెట్టాం కదా అంటారు. చల్లదనం మార్పును నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. ఐదే నిమిషాలు కదా అంటారు. ఒక్క సీసాకైతే సరిపెట్టుకోవచ్చు, పది సీసాలకు వరుసగా పోస్తే మొదటి సీసాలోదీ పదో సీసాలోదీ ఒకే జెల్ కాదు, వాటిని పోల్చి గీసిన గ్రాఫుకు విలువ లేదు. తడి గరిటెతో డబ్బాలోంచి తీయడం, మూత తెరిచి వదిలేయడం కూడా ఇదే తప్పుకు చిన్న రూపాలు. తేమ పీల్చుకున్న జీడీఎల్‌లో కొంత భాగం డబ్బాలోనే ఆమ్లమైపోతుంది.

స్టాక్ ఎందుకు పెడుతున్నారో తెలుసు. ఒక్కో సీసాకు కావలసింది ఏడెనిమిది మిల్లీగ్రాములే, బ్యాలెన్స్ మీద సరిగ్గా అంతే రప్పించడం ప్రాణం తీసే పని. రప్పించకండి. ఖాళీ పొడి సీసాలో జీడీఎల్ వేసి ఎంత తూగితే అంత రాసుకోండి. దానికి తగ్గట్టు పెప్టైడ్ ద్రావణం కొలిచి పోయండి. పొడి తూకాన్ని సరిదిద్దడం కన్నా పిపెట్‌తో పరిమాణం సరిదిద్దడం ఎప్పుడూ తేలికే.

లెక్క పెప్టైడ్ మీద కాదు, మీరు పోసిన హైడ్రాక్సైడ్ మీద వేయాలి. మొత్తం 1.05 మి.లీ. పోశారనుకుందాం, అంటే 105 మైక్రోమోల్స్. జీడీఎల్ దానికి రెట్టింపు, 210 మైక్రోమోల్స్. అణుభారం 178.14తో గుణిస్తే 37.4 మి.గ్రా., అంటే మి.లీ.కి 3.74 మి.గ్రా. సీసాలో 8.1 మి.గ్రా. తూగితే 2.17 మి.లీ. పోయాలి. రెట్టింపు వేస్తే చివరి పీహెచ్ 4కి అటూఇటూ ఆగుతుంది. పోశాక నాలుగైదు సెకన్లు మెల్లగా తిప్పి, మూత పెట్టి, రాత్రంతా కదపకుండా వదిలేయండి. వేడి విడుదల చేసే పరికరాల పక్కన పెట్టొద్దు. వేడికి జీడీఎల్ వేగంగా మారుతుంది, జెల్ స్వభావమూ మారుతుంది.

సీసా తలకిందులు చేస్తే జారలేదు కాబట్టి జెల్ అయిందనడం నాకు నచ్చని పరీక్ష. సన్నటి సీసాలో చిక్కటి ద్రావణం కూడా జారదు. రియోమీటర్ (పదార్థం ఎంత గట్టిగా ఉందో, ఎలా పారుతుందో కొలిచే పరికరం) ఉంటే, జెల్‌ని గరిటెతో తీసి పెట్టకుండా, అది అమరే పాత్రలోనే కొలవండి. నిల్వ గుణకం (ఘనంలా సాగి వెనక్కి వచ్చే గుణం) నష్ట గుణకం (ద్రవంలా పారే గుణం) కన్నా సుమారు పదింతలుండి, కదిపే పౌనఃపున్యం మారినా దాదాపు సమంగా ఉంటే సరే. రియోమీటర్ లేకపోతే చిన్న ఉక్కు గుండు పైన పెట్టి, అది మునగకుండా పైనే ఉందో లేదో మర్నాడు చూడండి.

కణాలు పెంచాలనుకునేవాళ్లకు ఒక మాట: పీహెచ్ 4లో కణాలు బతకవు. జెల్ మీద కల్చర్ మీడియం పోసి, కొన్ని గంటల తేడాతో రెండు మూడుసార్లు మార్చి, పీహెచ్‌ని బట్టి మారే మీడియం రంగు స్థిరపడ్డాకే కణాలు వేయండి.

అభ్యాసం పెద్దదే, ఒక రోజు పూర్తిగా కేటాయించుకోండి. ఒకే పెప్టైడ్ ద్రావణంతో మూడు సీసాలు: ఒకదానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒకదానికి పొడి జీడీఎల్, ఒకదానికి రెండు గంటల నాటి జీడీఎల్ స్టాక్. రెండో సీసాకు మాత్రం జంటగా ఇంకొకటి చేసి, పీహెచ్ ఎలక్ట్రోడ్‌ని అందులోనే నిలబెట్టండి. అసలు సీసాలో ముంచితే జెల్ చెదురుతుంది. మొదటి గంట ఐదు నిమిషాలకోసారి, తర్వాత ఆరు గంటలదాకా అరగంటకోసారి రాసుకోండి. గీత రెండు చోట్ల చదునవాలి: ఒకటి 10కి దగ్గర్లో, ఇంకోటి 5-6 మధ్య. మొదటిది చాలా త్వరగా దాటిపోతుంది, కనబడకపోతే రీడింగులు ఇంకా దగ్గర దగ్గరగా తీయండి. ఎలక్ట్రోడ్‌కి అంటుకున్న జెల్‌ని రుద్దకండి, పలచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కాసేపు ఉంచితే కరిగిపోతుంది.

కాగితం మీద ఒకటి: ఎఫ్‌మాక్-లూసిన్-గ్లైసిన్ అణుభారం 410.47. మి.లీ.కి 5 మి.గ్రా. పెప్టైడ్, దానికి సమానంగా హైడ్రాక్సైడ్, దానికి రెట్టింపు జీడీఎల్. మి.లీ.కి 4.34 మి.గ్రా. జీడీఎల్ రావాలి.