బడికి కరెంటు ప్లాను, 3వ పాఠం: కరెంటు పోయినా ఆగకూడనివి ఏవి?

పోయిన పాఠంలో మీ బడి ఏడాది బిల్లులు ముందేసుకుని, సెలవుల నెలలో కూడా ఎన్ని యూనిట్లు తిరిగాయో రాసుకోమన్నాను కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, మధ్యలో దాంతో పని పడుతుంది. ఇవ్వాళ బ్యాకప్ ఎంత కావాలో మనమే లెక్కేసుకుందాం, అమ్మేవాళ్ళని అడిగితే ఎలాగూ పెద్దదే చెప్తారు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. డాబా మీద సోలార్ ఉంది కాబట్టి మాకు కరెంటు పోయినా ఫర్లేదు అనుకునేవాళ్ళు చాలామంది. గ్రిడ్‌కి, అంటే బయటి కరెంటు లైనుకి, కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది, ఎండ మండిపోతున్నా సరే. ఆగాలి కూడా, లేకపోతే స్తంభమెక్కి రిపేరు చేస్తున్న లైన్‌మ్యాన్ వైపు మన కరెంటు వెళ్తుంది, ప్రాణాల మీదకొస్తుంది. ప్యానెళ్ళు బిల్లు తగ్గిస్తాయి, అంతవరకే. కరెంటు లేనప్పుడు ఆదుకోవాలంటే బ్యాటరీ, సోలార్‌తోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, గ్రిడ్ నుంచి మనల్ని విడదీసే స్విచ్ ఇవన్నీ ఉండాలి.

సరే, జాబితా. బడి మొత్తం ఒకసారి తిరిగి, ఇది ఆగిపోతే పిల్లలకి ప్రమాదమా, ఏదైనా పాడవుతుందా, బయటివాళ్ళతో మాట్లాడే దారి పోతుందా అని మూడే ప్రశ్నలు అడగండి, మూడింటికీ కాదు అనొస్తే అది జాబితాలోకి రాదు. ఇక్కడే గొడవలవుతాయి, ప్రతి టీచరూ మా గదిలో ఫ్యాన్లు ఉండాల్సిందే అంటారు, ఏసీ కూడా అడుగుతారు, మొహమాటపడి ఒక్కటి ఒప్పుకున్నారంటే బ్యాటరీ సైజు ఎక్కడికో పోతుంది.

ఒక చిన్న బడి లెక్క చూద్దాం. వరండాలు, మెట్లు, బాత్రూముల దగ్గర 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు 12, అంటే 240 వాట్లు, 4 గంటలకి 960 వాట్ అవర్లు. ఇంటర్నెట్ రౌటర్, నెట్‌వర్క్ స్విచ్ కలిపి 40 వాట్లు, 8 గంటలకి 320. ఆఫీసులో రెండు ల్యాప్‌టాప్‌లు 100 వాట్లు, 4 గంటలకి 400. ఫైర్ అలారం, మైకు సిస్టం 50 వాట్లు, 8 గంటలకి 400. వంటగది ఫ్రిజ్ 150 వాట్లు, కానీ కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి మూడోవంతు టైమే వేసుకుందాం, 8 గంటలకి 400. మొత్తం 2,480 వాట్ అవర్లు, వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్ కాబట్టి రమారమి రెండున్నర యూనిట్లు.

ఇంతే కదా అని రెండున్నర యూనిట్ల బ్యాటరీ కొనేయకండి. ఇన్వర్టర్‌లో పదో వంతు పోతుందనుకుంటే 2.75 అయ్యింది. లిథియం బ్యాటరీని 80 శాతం వరకు వాడొచ్చు అనుకుందాం, అప్పుడు 3.4 కావాలి. లెడ్ యాసిడ్ అయితే సగం కంటే ఎక్కువ వాడితే తొందరగా చచ్చిపోతుంది కాబట్టి 5.5. ఇవి కొత్త బ్యాటరీకి. కొన్నేళ్ళకి ఏ బ్యాటరీ అయినా 80 శాతానికి పడిపోతుందని లెక్కేస్తే లిథియం 4.3, లెడ్ యాసిడ్ 6.9 యూనిట్లు, అంటే 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) బ్యాటరీలు, ఒక్కోటి 1.8 యూనిట్లు కాబట్టి, నాలుగు. అదే ట్యూబుల స్థానంలో చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు ఉండుంటే ఒక్కొక్కటి 50 వాట్ల దాకా లాగేది, లైట్లకే 2,400 వాట్ అవర్లు, పైన లెక్కేసిన మొత్తానికి దాదాపు సమానం. అందుకే ముందు లోడు తగ్గించండి, తర్వాతే బ్యాటరీ మాట అంటాను నేను.

ఇన్వర్టర్ సైజు వేరే లెక్క. అన్నీ ఒకేసారి నడిస్తే 580 వాట్లే, కానీ ఫ్రిజ్ స్టార్టయ్యే క్షణంలో మామూలుకంటే చాలా రెట్లు లాగుతుంది, అది కలిపి ఒకటిన్నర నుంచి రెండు కేవీఏ (ఇన్వర్టర్ ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత) ఇన్వర్టర్ పెట్టుకుంటే నిశ్చింత.

నీళ్ళ మోటారు లేదేంటి అని అడుగుతారు, కావాలనే వదిలేశాను. ఒక హెచ్‌పీ మోటారు కిలోవాట్ దాకా లాగుతుంది, స్టార్టింగ్‌లో దానికి ఐదారు రెట్లు, దాన్ని బ్యాటరీ మీద వేస్తే ఇన్వర్టరే మారిపోతుంది. దానికి బదులు ఓవర్‌హెడ్ ట్యాంకు కాస్త పెద్దది కట్టించి కరెంటున్నప్పుడే నింపుకోండి, పైనున్న నీళ్ళే మీ బ్యాటరీ.

ఇప్పుడు ఆ సెలవుల కాగితం తీయండి. ఎవరూ లేని నెలలో తిరిగిన యూనిట్లంటే ఎవరో ఆపడం మర్చిపోయినవి, అవసరం లేకపోయినా ప్లగ్గులో ఉండిపోయినవి కూడా. అవి బ్యాకప్ లైన్‌లో ఉంటే రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ. అందుకే ముఖ్యమైన వాటికి విడిగా ఒక డిస్ట్రిబ్యూషన్ బోర్డు పెట్టించాలి, పాత బిల్డింగుల్లో వైరింగు కలగాపులగంగా ఉంటుంది కాబట్టి ఈ పనికే ఎక్కువ టైము పడుతుంది, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

బ్యాటరీల గది గురించి రెండు ముక్కలు. వరద వచ్చే చోటైతే కింది అంతస్తులో పెట్టొద్దు, పిల్లలు బయటికి పరిగెత్తే దారిలో అసలొద్దు, లెడ్ యాసిడ్ అయితే ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలాడే గది కావాలి.

మీ పని ఏంటంటే, ఇదే లెక్క మీ బడికి రెండుసార్లు వేయండి. ఒకటి బడి నడిచే పగటిపూట కరెంటు పోతే, రెండోది తుఫానొచ్చి బడినే పునరావాస కేంద్రం చేసి జనం రాత్రంతా అక్కడే ఉంటే. రెండో దాంట్లో ల్యాప్‌టాప్‌లు పోయి ఫోన్ ఛార్జింగులు వస్తాయి, లైట్లు 12 గంటలవుతాయి. ఆ రెండు అంకెలూ పట్టుకుని రండి, నాలుగో పాఠంలో ఆ బ్యాటరీని నింపడానికి డాబా మీద ఎన్ని ప్యానెళ్ళు పడతాయో కొలుద్దాం.