మైక్రోస్కోపు కింద లెక్కింపు - 4వ పాఠం: నిషిద్ధ రేఖ మూల దగ్గర ఆగదు

జంతువు అవయవాన్ని పలుచని పొరలుగా (సెక్షన్లుగా) కోసి, వాటిలో కొన్నిటినే చూసి మొత్తం కణాలెన్నో అంచనా వేయడం మన పని. గత అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట తప్పాయి కనుక, ఈసారి చెప్పదలచిన సెక్షన్ మందం సంగతి చివరికి జరిగింది. ప్రతి పదో సెక్షన్‌ను తీసుకోమన్నాను, తీసుకున్నారు. కాని మొదటిదాన్ని 1 నుంచి 10 లోపల చీటీ వేసి ఎంచుకోకుండా, కొందరు 1తోనూ, కొందరు కణాలు అందంగా కనిపించిన సెక్షన్‌తోనూ మొదలుపెట్టారు. చీటీలో 7 వస్తే 7, 17, 27 అంటూ 117 వరకు, 120 సెక్షన్లలో 12 మాత్రమే చూడాలి. మైక్రోస్కోపులో కణాలేవీ లేని క్షేత్రం (చూడాల్సిన చోటు) వస్తే పక్కకు జరగకూడదు, సున్నా రాయాలి.

ఇక చట్రం, అంటే కణాలను లెక్కించడానికి క్షేత్రం మీద వేసే చదరపు గీతల గడి. డెన్మార్క్‌కు చెందిన గుండర్సన్ 1977లో ప్రతిపాదించిన ఈ చట్రంలో ఎడమ, కింది అంచులు నిషిద్ధ రేఖలు, వాటిని తాకిన కణాన్ని వదలాలని, లోపల ఉన్నదాన్నీ, కుడి, పై అంచులను మాత్రమే తాకినదాన్నీ లెక్కించాలని అందరూ కంఠస్థం చేశారు. అయితే ఎడమ గీత పై మూల దాటి నిట్టనిలువుగా పైకి సాగుతుంది, కుడి గీత కింది మూల దాటి కిందికి దిగుతుంది, ఆ పొడిగింపులు కూడా నిషిద్ధమే. చట్రం బొమ్మలో తోకల్లా కనిపించే ఆ పొడిగింపులను చాలామంది అలంకారమనుకున్నారు.

చదరపు టైల్స్ నేల మీద రూపాయి బిళ్ళను ఒక టైలు కింది ఎడమ మూల దగ్గర పెట్టి, నాలుగు టైల్స్ కలిసే బిందువును కప్పకుండా, ఎడమ టైలు మీదికీ కింది టైలు మీదికీ కొద్దిగా జరపండి. సొంత టైలు దాన్ని వదిలేస్తుంది. ఎడమ టైలు కుడి అంచు తాకింది కనుక లెక్కిస్తుంది, కింది టైలు పై అంచు తాకింది కనుక అదీ లెక్కిస్తుంది; ఒకే బిళ్ళ రెండయింది. కింది టైలు ఎడమ గీతను పైకి పొడిగిస్తే బిళ్ళ దాన్ని తాకుతుంది, కాబట్టి ఆ టైలు వదిలేస్తుంది, లెక్క ఒకటికి వస్తుంది. కణాలు గుండ్రంగా ఉన్నాయి కనుక తోకలు అక్కర్లేదన్నవారు ఈ బిళ్ళ గుండ్రంగానే ఉందని గమనించగలరు.

మందం సంగతి క్లుప్తంగా: సెక్షన్ 25 మైక్రాన్లుంటే, ఫోకస్‌ను దించుతూ నడిమి 15 మైక్రాన్లలో కొత్తగా స్పష్టమయ్యే కణ కేంద్రకాలనే, కణానికి ఒకటి చొప్పున లెక్కించాలి. ప్రతి 500 మైక్రాన్లకు ఒకటి చొప్పున రెండు దిశల్లోనూ 50 మైక్రాన్ల భుజం ఉన్న చట్రం వేసి 180 కణాలు చూశామనుకుంటే, మొత్తం 180 × 10 (పదింట ఒక సెక్షన్) × 100 (చట్రం వైశాల్యం వందో వంతు) × 25/15 (మందం), అంటే 3,00,000. ఒక జంతువులో చూసిన కణాలు 200 దాటాక నేను ఆపేస్తాను. మిగిలిన సమయం మరో జంతువుకే దక్కాలి.

అభ్యాసం: 120 సెక్షన్లనూ విడివిడిగా లెక్కించి పెట్టుకుని, 1 నుంచి 10 వరకు ఒక్కో సెక్షన్‌తో మొదలుపెట్టి పది అంచనాలు వేయండి. వాటి సగటు 120 సెక్షన్ల మొత్తానికి సరిగ్గా సమానం కావాలి. కాకపోతే కూడిక మళ్ళీ చూసుకోండి.